టోనీ బెన్ 1981లో పోటీకి దిగడం తప్పేనా?

గోదావరి గట్టు:
బ్రిటన్ లేబర్ నాయకుడు టోనీ బెన్ పేరెత్తితే చాలు, "పార్టీని ముంచాడు" అనేస్తున్నారు. 1981లో పార్టీ ఉపనాయకుడి పదవికి, ఆ పదవిలో ఉన్న డెనిస్ హీలీ మీద నిలబడడమే ఆయన చేసిన నేరం. వద్దని నాయకుడు మైకేల్ ఫుట్ చెప్పినా వినలేదు. ఒక్క శాతం కూడా లేని తేడాతో ఓడిపోయాడు. రెండేళ్లకు సాధారణ ఎన్నికల్లో లేబర్‌కు వచ్చింది 27.6 శాతం ఓట్లు, 209 సీట్లు. 1950లో మొదలై 2001 దాకా సాగిన పార్లమెంటు జీవితాన్ని ఈ ఒక్క పోటీతో తూచడం అన్యాయం.

పాత రేడియో:
అన్యాయమేమీ కాదండీ. నిరుద్యోగుల సంఖ్య 30 లక్షల వైపు పరుగెడుతోంది, థాచర్ ప్రభుత్వం మీద జనం మండిపడుతున్నారు. అలాంటప్పుడు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ప్రతిపక్షం తనలో తనే కొట్టుకుంది. ఇంటిని చక్కబెట్టుకోలేనివాళ్లకు దేశాన్ని ఎవరు అప్పగిస్తారు? పైగా 1974 నుంచి 79 దాకా లేబర్ ప్రభుత్వంలో ఈయనా మంత్రే. 1976లో ఐఎంఎఫ్ అప్పు కోసం ఖర్చులు కోస్తుంటే మంత్రివర్గంలో వాదించాడు గానీ రాజీనామా చేయలేదు. దిగిపోయాక ఆ ప్రభుత్వాన్నే తప్పుపట్టాడు.

గోదావరి గట్టు:
రాజీనామా సంగతి ఒప్పుకుంటాను, అది నన్నూ బాధించే విషయమే. పార్టీ చీలిక మాత్రం బెన్ ఖాతాలో వేయకండి. తేదీలు చూడండి. నలుగురు లేబర్ సీనియర్లు వేరుకుంపటి ప్రకటన చేసింది 1981 జనవరి 25న. వాళ్ల కొత్త పార్టీ ఎస్‌డీపీ (సోషల్ డెమోక్రటిక్ పార్టీ) పుట్టింది మార్చి 26న. బెన్ పోటీ ప్రకటించింది ఏప్రిల్ 2న.

అసలు ఆయన్ను అర్థం చేసుకోవాలంటే 1960కి వెళ్లాలి. తండ్రి వెడ్జ్‌వుడ్ బెన్ ఒకప్పుడు ఇండియా వ్యవహారాల మంత్రి, తర్వాత ప్రభువు బిరుదు పొందినవాడు. ఆయన చనిపోగానే బిరుదు కొడుకు నెత్తిన పడింది. ప్రభువులు దిగువ సభలో కూర్చోకూడదు కాబట్టి అక్కడి సీటు పోయింది. 1961 ఉప ఎన్నికలో ఆయన నియోజకవర్గమైన బ్రిస్టల్ ఓటర్లు 13 వేల పైచిలుకు మెజారిటీతో మళ్లీ గెలిపించారు. కోర్టు ఆ సీటును ఓడిన కన్సర్వేటివ్ పార్టీ అభ్యర్థికి ఇచ్చింది! బిరుదు వదులుకునే వీలు కల్పిస్తూ 1963 జులై 31న చట్టం మారిన రోజే బిరుదు వదులుకున్న మొదటివాడు బెన్. ఓటరు ఇచ్చిన అధికారాన్ని పుట్టుక లాక్కోకూడదన్న మనిషి, పార్టీ నాయకుణ్ని అప్పటిదాకా జరిగినట్టు ఎంపీలు మాత్రమే ఎన్నుకోవడానికి ఎలా ఒప్పుకుంటాడు? 1981 పోటీ వెనక ఉన్నదీ ఈ పట్టుదలే.

బ్రిస్టల్ తెలుగు:
ఈ ఊరికి ఉద్యోగానికి వచ్చి తొమ్మిదేళ్లయింది, ఒక మాట కలుపుతాను. 1963లో ఇక్కడి బస్సు కంపెనీ నల్లవాళ్లను, ఆసియావాళ్లను డ్రైవర్లుగా, కండక్టర్లుగా తీసుకునేది కాదు. జనం బస్సులు బహిష్కరించారు. బెన్ బాహాటంగా వాళ్ల వైపు నిలిచాడు. అప్పటికి ఆయనకు సీటు కూడా లేదు. ఆగస్టు చివర్లో కంపెనీ దిగొచ్చింది. సెప్టెంబరులో రఘ్‌బీర్ సింగ్ కండక్టర్‌గా చేరాడు. మనలాంటివాళ్లం ఇక్కడ ఉద్యోగం చేసుకుంటున్నామంటే అలాంటి పోరాటాల పుణ్యమే.

పాత రేడియో:
అది గొప్ప పనే, కాదనను. నా ప్రశ్న వేరు. బెన్ సమర్థించిన కొత్త ఎన్నిక విధానంలో ఎంపీలు, నియోజకవర్గ పార్టీలు, కార్మిక యూనియన్లు కలిసి ఓటేస్తాయి, అందులో 40 శాతం బలం యూనియన్లది. రవాణా కార్మికుల సంఘం తన సభ్యుల నాడి చూస్తే హీలీ వైపు మొగ్గు కనబడింది. అయినా రెండో విడతలో ఆ సంఘం ఓట్లన్నీ బెన్‌కే పడ్డాయి. లక్షల ఓట్లను కొద్దిమంది ప్రతినిధులు వేసేస్తే అది సభ్యుల ప్రజాస్వామ్యం ఎలా అవుతుంది?

గోదావరి గట్టు:
దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు. నియోజకవర్గ పార్టీల్లో 80 శాతానికి పైగా ఆయన వెంటే ఉన్నారు, అదైనా లెక్కలోకి తీసుకోండి. సభ్యులందరి ఓట్లనూ యూనియనే వేసే ఈ మూకుమ్మడి ఓటు నాయకత్వ ఎన్నికల్లో 1993లో, పార్టీ నాయకుడు జాన్ స్మిత్ హయాంలో పోయింది. ఒక్కో సభ్యుడికి ఒక్కో సమాన ఓటు అనే పద్ధతిని లేబర్ 2014 మార్చి 1న ఆమోదించింది. బెన్ ఆ నెల 14న కన్నుమూశాడు.