అప్‌డేట్: ఫాస్ట్ చార్జింగ్ ఐదు నిమిషాలకే ఆగిపోయే సమస్య తీరింది

విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర నా ఎలక్ట్రిక్ కారుకు ఫాస్ట్ చార్జింగ్ పెడితే మధ్యలో ఆగిపోతోందని, చార్జింగ్ కంపెనీ యాప్ వాలెట్‌లో డబ్బు ఇరుక్కుపోయిందని పోయిన నెల ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. ఇంకో కంపెనీ చార్జర్ దగ్గర పెట్టి చూడమన్న సలహానే దారి చూపింది. గుంటూరులో పెట్టాను, అక్కడా ఆగింది! అంటే తప్పు నా కారుదే. సర్వీస్ సెంటర్‌లో చూస్తే సీసీఎస్2 పోర్టులో (కారుకు ఫాస్ట్ చార్జర్ ప్లగ్ పెట్టే చోటు) డీసీ పిన్నుల దగ్గర, అంటే ఫాస్ట్ చార్జింగ్ కరెంటు వెళ్లే పిన్నుల దగ్గర, దుమ్ము పేరుకుని వేడెక్కుతోందట. వేడి పెరగగానే కారే చార్జింగ్ ఆపేస్తోంది. వాళ్లు శుభ్రం చేశాక నాలుగుసార్లు పెట్టాను, ఒక్కసారీ ఆగలేదు. దయచేసి మీరు సొంతంగా గెలకకండి, అది హై వోల్టేజ్. యాప్ తీసేసి మళ్లీ వేసుకోవడం వల్ల ఏమీ తేడా రాలేదు. సెషన్ ఐడీతో (ఆ చార్జింగ్‌కు యాప్‌లో ఉండే నంబర్) చార్జింగ్ కంపెనీకి మెయిల్ పెడితే ఇరుక్కున్న డబ్బు ఆరో రోజు వచ్చింది.

బయట ఫాస్ట్ చార్జింగ్ ఖర్చు మాత్రం బాధగానే ఉంది. యూనిట్ 22 రూపాయలు, 18 శాతం జీఎస్టీతో దాదాపు 26. ఇక రోజూ ఇంట్లోనే, హైదరాబాద్ వెళ్లేటప్పుడే బయట.