పోకెమాన్ డైమండ్ గేమ్‌లో స్టార్టర్‌గా (మొదట్లో ఎంచుకునే పోకెమాన్‌గా) ఎవర్ని తీసుకోవాలి? తేల్చుకోలేకపోతున్నా

పోకెమాన్ ఏ గేమ్ మొదలుపెట్టినా నా చెయ్యి నీటి రకం వైపే పోతుంది. మొదటి భాగంలో స్క్వర్టిల్, ఎమరాల్డ్‌లో మడ్‌కిప్. మడ్‌కిప్ అయితే 16వ లెవెల్లో మార్ష్‌టాంప్ అయ్యి నేల రకం కూడా కలిసేసరికి కరెంటు దెబ్బలు అసలు తగలవు, గడ్డి రకం ఒక్కటి ఎదురైతే మాత్రం నాలుగింతలు తగిలి పని అయిపోతుంది, అయినా సరే దాని మీద ప్రేమ పోలేదు.

ఇప్పుడు 2006 నాటి డైమండ్ మొదటిసారి ఆడబోతున్నా. అలవాటు ప్రకారం పిప్‌లప్ తీసుకుందామంటే, ఈ గేమ్‌లో కథ పూర్తయ్యేలోపు నిప్పు రకం కావాలంటే చిమ్‌చార్, పోనీటా తప్ప దిక్కు లేదట! నీటి రకాలైతే చేపలు పట్టినా దొరుకుతాయి కదా. పైగా చిమ్‌చార్ 14వ లెవెల్లో మాన్‌ఫెర్నో అయితే ఫైటింగ్ రకం కూడా వస్తుంది, మాక్ పంచ్ అనే ఫైటింగ్ దెబ్బ నేర్చుకుంటుంది కాబట్టి మొదటి జిమ్‌లో (లీడర్‌తో పోటీపడే చోట) రాయి రకం పోకెమాన్‌ల బాధ కూడా తీరిపోతుంది. లెక్క చూస్తే చిమ్‌చారే. కానీ పిప్‌లప్ 36వ లెవెల్లో అయ్యే ఎంపోలియన్ నీరు, ఉక్కు కలిసిన పెంగ్విన్ రాజు, ఆ ఠీవి చూశాక మనసు ఒప్పుకోవడం లేదు. మూడో స్టార్టర్, గడ్డి రకం టర్ట్‌విగ్ గురించి నేను ఆలోచించనే లేదు, పాపం.

ఆడినవాళ్లు చెప్పండి, పిప్‌లప్‌తో వెళ్తే నిప్పు లేక మధ్యలో ఎక్కడైనా ఇరుక్కుంటానా, పోనీటాతో నెట్టుకురావచ్చా? అలాగే మీరు ప్రతి భాగంలో ఎవర్ని తీసుకున్నారు, బలం చూసా, మొహం చూసా?