స్విచ్ లైట్‌లో పోకెమాన్ స్కార్లెట్: ఇప్పుడు డబ్బు పెట్టొచ్చా?

మియాపూర్_నాన్న అడిగారు:

ఇంట్లో ఒకే ఒక్క నింటెండో స్విచ్ లైట్ (చేత్తో పట్టుకుని ఆడే గేమ్ కన్సోల్) ఉంది. ఆడేది ఇద్దరు పిల్లలు, 9 ఏళ్లు ఒకరికి, 12 ఏళ్లు ఇంకొకరికి. పోకెమాన్ స్కార్లెట్ కావాలని పట్టు. కొత్త కార్ట్రిడ్జ్ రేటు చూస్తే గుండె గుభేల్‌మంటోంది, సెకండ్ హ్యాండ్‌వి కూడా అమ్మకానికి కనిపిస్తున్నాయి. స్విచ్ 2 కొనే ఆలోచన ఇప్పట్లో లేదు.

ఈ గేమ్ విడుదలైనప్పుడు ఆగి ఆగి నడుస్తోందని అందరూ తిట్టారు కదా, లైట్‌లో ఇప్పుడైనా సరిగ్గా ఆడుతుందా? ఇద్దరికీ ఒక్క కార్ట్రిడ్జ్ సరిపోతుందా, లేక ఒకరికి స్కార్లెట్, ఒకరికి దాని జంట వెర్షన్ వయొలెట్ కొనాలా? వాడినది కొంటే పాత ఓనర్ ఆట అందులోనే ఉండిపోతుందా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

---

టెరా_తాత:

ముందు మీకు చేదు మాట చెప్పేస్తాను. 2022 నవంబర్ 18న వచ్చిన గేమ్ ఇది. వచ్చిన మొదటి మూడు రోజుల్లోనే స్కార్లెట్, వయొలెట్ కలిపి కోటి కాపీలు పోయాయి. పనితీరు మీద మాత్రం గోల ఎంత పెరిగిందంటే, డిసెంబర్ అప్‌డేట్ నోట్సులో నింటెండో క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత కొంత సర్దారు. అసలు తేడా వచ్చింది మాత్రం 2025 జూన్‌లో స్విచ్ 2 కోసం ఇచ్చిన ఉచిత అప్‌డేట్‌తో. అందులో 60 ఎఫ్‌పీఎస్‌తో (సెకనుకు 60 ఫ్రేములతో) నున్నగా నడుస్తుంది. మీ లైట్‌కి ఆ భాగ్యం లేదు. 30 దగ్గర నడుస్తూ, మధ్యలో అంతకన్నా కిందికి పడుతూ ఉంటుంది.

ఎక్కడ పడుతుందో ముందే తెలిస్తే చిరాకు తగ్గుతుంది. కాసెరోయా సరస్సు దగ్గర అన్నిటికన్నా ఘోరం. ఊళ్లలో దూరంగా నడిచే మనుషులు బొమ్మల పుస్తకం పేజీలు తిప్పినట్టు కదులుతారు. పోకెమాన్ బాక్స్ తెరిస్తే బొమ్మలు ఒక్కొక్కటే మెల్లగా వస్తాయి. గంటల తరబడి ఆపకుండా ఆడితే ఇంకా మందగిస్తుంది. అప్పుడు హోమ్ బటన్ నొక్కి, గేమ్ మీద ఎక్స్ నొక్కి పూర్తిగా మూసి, మళ్లీ తెరవండి. స్లీప్‌లో పెట్టి లేపితే లాభం లేదు. లైట్‌ది 5.5 అంగుళాల తెర కాబట్టి, పెద్ద టీవీలో కొట్టొచ్చినట్టు కనిపించే గరుకుతనం ఇందులో అంతగా తెలియదు. 9 ఏళ్ల పిల్లవాడు ఎఫ్‌పీఎస్ లెక్కపెట్టడు, వాళ్ల నాన్న లెక్కపెడతాడు, అంతే తేడా.

గేమ్ మాత్రం బాగుంటుంది. కథ జరిగే పాల్డియా మొత్తం తెరిచిన ప్రపంచం, ప్రాంతీయ పోకెడెక్స్‌లో (పోకెమాన్ల జాబితాలో) 400 పోకెమాన్లు. మూడు కథలు ఒకేసారి నడుస్తాయి: 8 జిమ్‌లు (లీడర్‌ని ఓడిస్తే బ్యాడ్జ్ ఇచ్చే చోట్లు), 5 టైటాన్‌లు (భారీ పోకెమాన్లు), టీమ్ స్టార్ అనే ముఠా వాళ్ల 5 స్థావరాలు. అన్నీ ముగిస్తే ఏరియా జీరోలో చివరి కథ. పాత గేమ్‌లలో లేనంత బాగా రాసిన కథ అదే. సూటిగా వెళ్తే మొత్తం సుమారు 30 గంటలు.

పిల్లలు ఇరుక్కునేది ఒక్కచోటే. "ఎటైనా వెళ్లొచ్చు" అని గేమ్ చెబుతుంది గానీ శత్రువుల లెవెల్ మీతో పాటు పెరగదు, తగ్గదు. ఉత్తరాన ఉందని ముందే గ్రుషా జిమ్‌కి వెళ్తే అక్కడ 48 లెవెల్ మంచు పోకెమాన్లు కూర్చుని ఉంటాయి. కాబట్టి ఈ వరస కాగితం మీద రాసి ఇవ్వండి. అంకెలు అక్కడ ఎదురయ్యే పెద్ద లెవెల్‌కి దగ్గరగా ఉంటాయి (జియాకోమో, మేలా, అట్టికస్, ఒర్టెగా, ఎరి టీమ్ స్టార్ వాళ్లు; టైటాన్‌లు కాని మిగతా పేర్లు జిమ్ లీడర్లవి):

కాటీ 15, క్లాఫ్ టైటాన్ 16, బ్రాసియస్ 17, బాంబర్డియర్ టైటాన్ 20, జియాకోమో 21, అయోనో 24, మేలా 27, ఆర్థ్‌వర్మ్ టైటాన్ 29, కోఫు 30, అట్టికస్ 33, లారీ 36, రైమ్ 42, టులిప్ 45, గ్రేట్ టస్క్ టైటాన్ 45, గ్రుషా 48, ఒర్టెగా 51, ఎరి 56, చివరి టైటాన్ 57.

టైటాన్‌లను వాయిదా వేయకండి. ఒక్కొక్కటి గెలిచేకొద్దీ మీరు ఎక్కి తిరిగే కొరైడాన్‌కి వరసగా పరుగు, ఈత, పెద్ద గెంతు, గాల్లో తేలడం, కొండలెక్కడం వస్తాయి. ఈత రాకపోతే చిన్న వాగు దాటడానికి కూడా ఊరంతా చుట్టి రావాలి.

---

కార్ట్రిడ్జ్_కిట్టు:

కొనడం గురించి నేను చెబుతా.

ఇద్దరికీ ఒక్క కార్ట్రిడ్జ్ చాలండి. సేవ్ అనేది స్విచ్‌లోని యూజర్ ప్రొఫైల్‌కి ఒకటి చొప్పున ఉంటుంది. ఇద్దరికీ వేరు వేరు ప్రొఫైల్స్ చేసిపెడితే ఎవరి ఆట వాళ్లది. ఒకే ప్రొఫైల్‌లో రెండో ఆట మొదలుపెట్టడం కుదరదు, పాతది చెరిపేయాల్సిందే. అందుకే గేమ్ తెరిచేటప్పుడు ఏ ప్రొఫైల్ ఎంచుకుంటున్నారో చూసుకోమని చిన్నవాడికి గట్టిగా చెప్పండి. ఒకే కన్సోల్ ఉన్నప్పుడు స్కార్లెట్, వయొలెట్ రెండూ కొనడం శుద్ధ దండగ. రెండు ఆటల మధ్య పోకెమాన్లను నేరుగా మార్చుకోవాలంటే రెండు కన్సోల్‌లు ఉండాలి.

వాడినది కొనడానికి భయపడొద్దు. పాత డీఎస్ గేమ్‌లలో సేవ్ కార్ట్రిడ్జ్‌లోనే ఉండేది. స్విచ్‌లో అది కన్సోల్ మెమరీలో ఉంటుంది, పాత ఓనర్ ఆట అతని దగ్గరే ఉండిపోతుంది. మీరు పెట్టగానే కొత్త ఆట మొదలవుతుంది.

చూడాల్సినవి ఇవి. డబ్బులిచ్చే ముందు మీ లైట్‌లోనే పెట్టి టైటిల్ స్క్రీన్ దాకా తెరవండి. వెనకాల ఉన్న బంగారు రంగు పిన్నులు నల్లబడ్డాయా, గీతలు పడ్డాయా చూడండి. మామూలు మురికైతే దూది పుల్లకి కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడిచి, పూర్తిగా ఆరాక పెడితే సరి. ప్రతి కార్ట్రిడ్జ్‌కి తనదైన డిజిటల్ గుర్తింపు ఉంటుంది. ఎవరైనా దాన్ని కాపీ తీసి ఆ కాపీతో ఆన్‌లైన్‌లో ఆడితే, అసలు కార్ట్రిడ్జ్ కొన్నవాళ్ల కన్సోల్ కూడా అనుమానంలో పడొచ్చు. అందుకని అమ్మినవాళ్ల రసీదు, చాట్, కార్ట్రిడ్జ్ రెండు వైపుల ఫొటోలు దాచుకోండి. మరీ చవగ్గా, పెట్టె లేకుండా వస్తుంటే వదిలేయండి.

"విస్తరణ కలిపిన బండిల్" అని పెట్టె మీద ఉంటే మోసపోకండి. విస్తరణ (గేమ్‌కి విడిగా అమ్మే అదనపు భాగం) కార్ట్రిడ్జ్‌లో ఉండదు, పెట్టెలో కోడ్ కాగితం ఉంటుంది. వాడిన పెట్టెలో ఆ కోడ్ ఎప్పుడో అయిపోయి ఉంటుంది. దానికి రూపాయి కూడా ఎక్కువ ఇవ్వక్కర్లేదు.

ఇంకో రకం అమ్మకం ఉంది, దాని జోలికే పోవద్దు. సగం ధరకి "డిజిటల్ గేమ్" అంటూ తమ ఖాతా ఐడీ, పాస్‌వర్డ్ ఇస్తారు. ఆ ఖాతా వాళ్ల ఈమెయిల్ మీదే ఉంటుంది, రేపు వేరేవాళ్లకి కూడా అమ్ముతారు. వేరే గేమ్‌లకైతే డబ్బు పోయిందని సరిపెట్టుకోవచ్చు. పోకెమాన్‌లో నష్టం ఇంకా ఎక్కువ. స్కార్లెట్‌కి క్లౌడ్ సేవ్ లేదు, ఒక యూజర్ సేవ్‌ని ఇంకో యూజర్‌కి ఇవ్వడం కుదరదు. వాళ్ల ఖాతా కింద ఆడి ఉంటే, ఖాతాతో పాటు పిల్లవాడు పట్టిన పోకెమాన్లూ పోతాయి.

అన్నట్టు, స్విచ్ కార్ట్రిడ్జ్ మీద కావాలనే చేదు మందు పూస్తారు, పిల్లలు మింగకుండా. తొమ్మిదేళ్లవాడు నాకి చూడకుండా ఉండడు గానీ.

---

హిసుయి_పిచ్చోడు:

అందరూ స్కార్లెట్ అంటున్నారు, నేను వేరే మాట చెబుతా. ఒకే కన్సోల్, స్నేహితుల్లో స్విచ్ ఉన్నవాళ్లు లేరు అనుకుంటే ఇంకో పోకెమాన్ గేమ్ లెజెండ్స్ ఆర్సియస్ (2022 జనవరి 28) చూడండి. జంట వెర్షన్ల గొడవే లేదు. లైట్‌లో స్కార్లెట్ కన్నా నిలకడగా నడుస్తుంది. పోకెమాన్ వెనకగా నక్కి వెళ్లి, గురి చూసి బంతి విసిరి పట్టొచ్చు, ప్రతిసారీ యుద్ధం అక్కర్లేదు.

ఒంటరిగా ఆడేవాళ్లకి అసలు లాభం వేరే ఉంది. హాంటర్, మాచోక్, కడాబ్రా లాంటివి మామూలుగా ఇంకొకరితో మార్చుకుంటే తప్ప ఎదగవు. ఇందులో లింకింగ్ కార్డ్ (Linking Cord) అనే వస్తువు వాడితే చాలు. పోయిన సంచులు తిరిగి ఇచ్చి సంపాదించే మెరిట్ పాయింట్లు 1000 ఉంటే అది కొనుక్కోవచ్చు.

లోపాలు కూడా చెప్పాలి. జిమ్‌లు లేవు, ఇంకో ఆటగాడితో యుద్ధం లేదు. ఒక్కో పోకెమాన్‌ని పదే పదే పట్టి, చూసి పరిశోధన పూర్తి చేయాలి. ఓపిక లేని పిల్లలకి సగంలో విసుగొస్తుంది.

---

టెరా_తాత:

@హిసుయి_పిచ్చోడు నిలకడ విషయంలో మీ మాటే నిజం. కానీ పిల్లలు అడిగింది జిమ్ లీడర్లతో పోరాటం. ఆర్సియస్ పెద్దవాళ్ల రుచికి దగ్గర. 12 ఏళ్లవాడికి నచ్చొచ్చు, 9 ఏళ్లవాడు "బ్యాడ్జ్ ఎప్పుడిస్తారు" అని అడుగుతాడు.

ఇద్దరికీ సాయపడేది ఒకటుంది. డబ్బు పెట్టకముందే ఈషాప్‌లో (నింటెండో ఆన్‌లైన్ దుకాణంలో) లెట్స్ గో పికాచు, ఈవీ అనే పోకెమాన్ గేమ్‌ల ఉచిత డెమో దించుకుని ఆడించండి. అడవి పోకెమాన్లను పట్టే పద్ధతి వేరేగా ఉంటుంది గానీ, ఈ రకం గేమ్ పట్టుకుని కూర్చుంటారా లేదా అన్నది తేలిపోతుంది. స్కార్లెట్‌కి డెమో లేదు.

---

మియాపూర్_నాన్న:

చాలా థాంక్సండీ. ఇద్దరూ కోరుకున్నది జిమ్‌లే, కాబట్టి వాడిన స్కార్లెట్ వైపే మొగ్గుతున్నాను. ఇంకో రెండు సందేహాలు. విస్తరణ ఇప్పుడే కొనాలా? ఆన్‌లైన్ సభ్యత్వం లేకపోతే ఎంత నష్టం?

---

స్ప్రిగటీటో_500081:

విస్తరణ ఇప్పుడు వద్దు. అమెరికా ధరల్లో లెక్క చూడండి: గేమ్ 59.99 డాలర్లు, విస్తరణ 34.99, ఏడాది ఆన్‌లైన్ 19.99, పోకెమాన్ హోమ్ (పట్టిన పోకెమాన్లను దాచుకునే ఆన్‌లైన్ సేవ) ప్రీమియం ఏడాదికి 15.99. అన్నీ కొంటే 130.96 డాలర్లు. ఇందులో మొదటి రోజు అవసరమైంది గేమ్ ఒక్కటే, అది కూడా మీరు వాడినది కొంటున్నారు.

విస్తరణలో రెండు భాగాలు, టీల్ మాస్క్ (2023 సెప్టెంబర్), ఇండిగో డిస్క్ (2023 డిసెంబర్). రెండోదాంట్లోకి వెళ్లాలంటే అసలు కథ ఏరియా జీరో దాకా పూర్తయి, టీల్ మాస్క్ కూడా ముగిసి ఉండాలి. పిల్లలు అక్కడికి చేరడానికి నెలలు పడుతుంది, అప్పటికి కూడా అడిగితే కొనండి. కొనేటప్పుడు స్కార్లెట్ విస్తరణే కొనాలి, వయొలెట్‌ది దీనికి పనికిరాదు. మనకి భారత్ ఈషాప్ అంటూ లేదు కాబట్టి ఖాతా ఏదో ఒక దేశం పేరు మీద ఉంటుంది. కార్ట్రిడ్జ్ ఏ ప్రాంతానిదో ఆ ప్రాంతపు ఈషాప్‌లోనే విస్తరణ కొనడం క్షేమం. వారంటీ కూడా అమ్మినవాళ్లు ఇచ్చేదే, నింటెండో స్విచ్‌ని ఇక్కడ అధికారికంగా అమ్మడం లేదు.

ఆన్‌లైన్ లేకపోతే కథకి నష్టమేమీ లేదు. టెరా రెయిడ్‌లు (నలుగురు కలిసి ఒక బలమైన పోకెమాన్‌తో పోరాడేవి) కూడా గేమ్ ఇచ్చే తోడు పాత్రలతో ఒంటరిగా ఆడొచ్చు. ఆగిపోయేవి ఇవి: దూరంగా ఉన్నవాళ్లతో మార్పిడి, ఆన్‌లైన్ యుద్ధాలు. పక్కనే ఇంకో స్విచ్ ఉంటే లోకల్ వైర్‌లెస్‌లో మార్పిడికి సభ్యత్వం అక్కర్లేదు.

పోకెడెక్స్ పూర్తి చేస్తామంటే మాత్రం తంటా. స్కార్లెట్‌లో లార్విటార్, డైనో దొరుకుతాయి, బాగన్, డ్రీపీ వయొలెట్‌లోనే. ఇంకా పీకల మీదకి వచ్చేది ఫినిజెన్. లెవెల్ 38 నుంచి, యూనియన్ సర్కిల్‌లో (కలిసి ఆడే మోడ్‌లో) ఇంకో ఆటగాడితో కలిసి ఉన్నప్పుడు లెవెల్ పెరిగితేనే అది పాలాఫిన్ అవుతుంది. ఒంటరిగా ఎంత తిప్పినా కాదు. ఇలాంటివన్నీ పోగేసి పెట్టుకుని, 7 రోజుల ఉచిత ట్రయల్ తీసుకుని ఒకేసారి ముగించేయండి. ట్రయల్ తీసుకున్న రోజే ఆటోమేటిక్ రెన్యువల్ ఆపేయడం మరవొద్దు.

గిమిఘౌల్ అనే పోకెమాన్ ఎదగడానికి 999 నాణేలు కావాలి, అది మాత్రం ఒంటరిగానే అవుతుంది. కాళ్లరిగేలా తిరగాలి, అంతే.

---

కార్ట్రిడ్జ్_కిట్టు:

పైన చెప్పడం మరిచిన రెండు ముక్కలు.

మొదటిసారి తెరవగానే గేమ్ భాష అడుగుతుంది. ఆ తర్వాత ఆ ఆటలో మార్చడం కుదరదు, మళ్లీ మొదటినుంచి ఆడాల్సిందే. జపాన్ కార్ట్రిడ్జ్ దొరికినా అందులో ఇంగ్లిష్ ఉంటుంది, ఆ ఒక్క స్క్రీన్ దగ్గర మీరు పక్కన కూర్చోండి. తెలుగు, హిందీ లేవు. పాత్రలకి గొంతు కూడా ఉండదు, కథంతా చదివి తెలుసుకోవాల్సిందే. చిన్నవాడికి మొదట్లో పెద్దవాడు చదివి చెప్పాల్సి రావచ్చు.

రెండోది, ఆటోసేవ్ వల్ల పొరపాటు జరిగితే కంగారు పడొద్దు. టైటిల్ స్క్రీన్‌లో పై బాణం, ఎక్స్, బీ మూడూ కలిపి నొక్కితే బ్యాకప్ సేవ్ అడుగుతుంది. అది ఎంత పాతదో తేదీ చూసుకుని ఒప్పుకోండి. రేపు లైట్ మార్చేటప్పుడు మాత్రం పాతది అమ్మేముందు సెట్టింగ్స్‌లోని డేటా మేనేజ్‌మెంట్ నుంచి ఇద్దరి సేవ్‌లూ కొత్తదానికి పంపేయండి. క్లౌడ్‌లో దీనికి కాపీ ఉండదు.