ది కూ ‘స్టీల్ దిస్ ఆల్బమ్’: ఇందులో కోపం లేదంటే నేను ఒప్పుకోలేకపోతున్నాను, మీరేమంటారు?

కృష్ణాతీరం, ఫ్రీమాంట్:

అందరికీ నమస్కారం. కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ ర్యాప్ బృందం ‘ది కూ’ 1998లో తెచ్చిన ‘స్టీల్ దిస్ ఆల్బమ్’ను శ్రద్ధగా విన్నవాళ్ళు ఇక్కడ ఉన్నారా? ఒక మిత్రుడితో వాదన తెగడం లేదు. మీ అభిప్రాయం కావాలి.

ఇది నా చేతికి వచ్చిన తీరు ముందు చెబుతాను. హేవర్డ్‌లో ఒక గిడ్డంగిలో రాత్రి షిఫ్టు చేసే రోజుల్లో, నాతోపాటు పెట్టెలు ఎత్తే ఒక పెద్దాయన తెల్లవారుజామున నన్ను తన కారులో బార్ట్ రైలు స్టేషన్ దగ్గర దింపేవాడు. ఓక్లాండ్‌లో పుట్టి పెరిగిన మనిషి. కారులో ఎప్పుడూ ఈ సీడీయే. “వీళ్ళూ మనలాగే పెట్టెలు మోసినవాళ్ళు” అని గర్వంగా చెప్పేవాడు. నిజమే, ఈ బృందాన్ని మొదలుపెట్టిన బూట్స్ రైలీ, ఈ-రాక్ ఒకరికొకరు పరిచయమైంది యూపీఎస్ అనే పార్సిళ్ళ కంపెనీలో పనిచేస్తున్నప్పుడే.

మొదట్లో నాకు మాటలు అందలేదు. కింద నుంచి వచ్చే ఆ బేస్ గిటారు కోసమే విన్నాను. ఆరు నెలలకు కాబోలు, ‘అండర్‌డాగ్స్’ పాటలో ఒక మాట చెవిన పడింది. కడుపు పట్టినంత తినమనే హోటలుకు మూత డబ్బాలు పట్టుకుపోవడం గురించి రైలీ చెబుతున్నాడు. ఆ వెంటనే, వాడేసిన వస్తువును రసీదు పోయిందని చెప్పి కొత్తదిగా మార్చుకోవడం గురించి. నేను కారులో నిటారుగా కూర్చున్నాను.

మాది తెనాలి. శ్రీరామనవమి పందిట్లో అన్నదానం జరిగితే మా అమ్మ కొంగు చాటున స్టీలు క్యారేజీ తెచ్చుకునేది. వడ్డించేవాళ్ళకు కనబడకుండా నేనూ చెల్లీ ముందు నిలబడేవాళ్ళం. పులిహోర ఒక గిన్నెలో, దద్దోజనం ఒక గిన్నెలో. తొమ్మిదేళ్ళ వయసులో నాకు తల కొట్టేసినట్టు ఉండేది. ఆ పాటలో రైలీ ఈ పనులు చేసేవాళ్ళను వెక్కిరించడు, అయ్యో పాపం అనడు. గ్లాసు పైకెత్తి వాళ్ళను తలుచుకుంటాడు. మా అమ్మను ఎవరో పేరు పెట్టి పిలిచి గౌరవించినట్టు అనిపించింది.

ఇక డెల్ ది ఫంకీ హోమోసేపియన్ గొంతు కలిపిన ‘ది రెపో మాన్ సింగ్స్ ఫర్ యూ’. బాకీ తీర్చకపోతే వచ్చి సామాను పట్టుకుపోయే మనిషి గురించిన పాట. మా నాన్న ఆటో మూడు వాయిదాలు తప్పింది. ఫైనాన్స్ వాళ్ళు స్టాండులోంచే తోలుకుపోయారు. సీటు కింద మధ్యాహ్నం అన్నం క్యారేజీ ఉంది, అదే క్యారేజీ. ఆటో సంగతి వదిలేసి, ఆ క్యారేజీ కోసం అమ్మ రెండుసార్లు వాళ్ళ ఆఫీసుకు తిరిగింది. ఇవ్వలేదు.

నా మిత్రుడు డెడ్ ప్రెజ్ అనే ర్యాప్ బృందానికి అభిమాని. “ఇది పోరాట సంగీతం కాదు, కడుపు నింపుకునే చిట్కాలు, కొన్ని నవ్వులు. కోపం ఏది?” అంటాడు. నాకు మాత్రం ఇంతకంటే కోపంగా ఉన్న ఆల్బమ్ ఇంకొకటి తెలియదు. మీకెలా వినిపించింది? దీని తరువాత వాళ్ళది ఏది వినాలో కూడా చెప్పండి.

గుమ్మెట మోత:

కృష్ణాతీరం గారూ, మీ మిత్రుడికి బుర్రకథ గుర్తు చేయండి. మధ్యలో తంబురా పట్టుకున్న కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒక వంతది హాస్యం, రెండో వంతది రాజకీయం. జనం నవ్వి తేలికపడిన క్షణంలోనే రెండో వంత అసలు మాట వేస్తాడు. 1940లలో ప్రజానాట్యమండలి ఊరూరా ఈ కళను పట్టుకుని తిరిగింది ఊరికే కాదు. నవ్వు వచ్చిందంటే కోపం పోయిందని అనుకునే జనం కాదు మన జనం.

రైలీ ఒక్కడే ఆ ముగ్గురి పనీ చేస్తాడు. ‘కార్స్ అండ్ షూస్’ వినండి. డొక్కు కారు మీద పాట. నవ్వుతూనే వింటాం. కానీ ఆ కారు కదలకపోతే ఆ మనిషి పనికి ఎలా వెళ్తాడన్న ప్రశ్న పాట పొడుగునా వెంటాడుతుంది. ఇక ఈ బృందం డీజే పామ్ ది ఫంక్‌స్ట్రెస్ రికార్డు గీరినప్పుడల్లా నాకు వంతల ‘తందాన’ వినిపిస్తుంది. కథకుడు ఊపిరి తీసుకునే చోటు ఆమెది.

ఇంకో మాట. 1994లో రెండో ఆల్బమ్ వచ్చాక ఈయన పాటలు పక్కన పెట్టి, యంగ్ కామ్రేడ్స్ అనే సంఘం కట్టి ఓక్లాండ్ వీధుల్లో పనిచేశాడు. నాలుగేళ్ళ తరువాత వచ్చిన ఆల్బమ్ ఇది. గడప గడపకూ తిరిగిన మనిషికే డబ్బాల సంగతి తెలుస్తుంది. గదిలో కూర్చుని రాసేవాడికి నినాదం దొరుకుతుంది గాని ఆ మూత డబ్బా దొరకదు.

నీలిగోరింట:

నేను సగమే ఒప్పుకుంటాను. ‘అండర్‌డాగ్స్’ గొప్ప పాట, సందేహం లేదు. కానీ ఈ ఆల్బమ్‌ను అందరూ ఆకాశానికి ఎత్తేది ఏడు నిమిషాలు దాటిన ఆ కథ పాట కోసం: ‘మీ అండ్ జీసస్ ది పింప్ ఇన్ ఎ 79 గ్రనాడా లాస్ట్ నైట్’. ఒళ్ళు అమ్ముకుని బతికిన తల్లి. ఆమెను చంపి జైలుకు పోయి వచ్చినవాడు. వాడిని కారులో ఎక్కించుకుని తిరిగే కొడుకు. చివర కొడుకు పగ తీర్చుకుంటాడు. చచ్చిపోయింది ఆడమనిషి, లెక్క తేల్చుకున్నది ఇద్దరు మగవాళ్ళు. నేను మహిళా కోర్టులో గుమాస్తాగా పనిచేస్తాను. ఇలాంటి కథల్లో తల్లి ఏమనుకుందో రాసిన కాగితం ఫైలులో ఎక్కడా ఉండదు. పాటలోనూ లేదనిపించింది. రెండోసారి వినలేకపోయాను.

తరువాత ఏది వినాలంటే 2001 నాటి ‘పార్టీ మ్యూజిక్’. అందులో సూటిగా చెప్పాల్సినవి సూటిగానే చెప్పాడు, నినాదమంటే నాకు చిన్నచూపు లేదు. దాని ముఖచిత్రం సంగతి చాలామందికి తెలుసు. పెట్టుబడిదారీ వ్యవస్థను కూల్చడానికి సంకేతంగా వరల్డ్ ట్రేడ్ సెంటర్ పేలుతున్నట్టు ఆ జూన్‌లోనే బొమ్మ సిద్ధం చేశారు. సెప్టెంబరు 11 జరిగింది. బొమ్మ మార్చి నవంబరులో విడుదల చేశారు. ఆ గొడవలో పాటలు మరుగున పడ్డాయని నా బాధ. ‘వేర్ క్లీన్ డ్రాస్’ అని కూతురికి చెప్పిన పాట ఉంది. బయటికి వెళ్ళేటప్పుడు ఉతికిన లోబట్టలు వేసుకోమని తల్లులు చెప్పే మాటతో పేరు పెట్టి, లోకంలో ఎవరికీ తలవంచకుండా ఎలా నిలబడాలో ఆ పిల్లకు చెబుతాడు. నాకు కావలసిన స్త్రీ ఆ పాటలో బతికి ఉంది.

కృష్ణాతీరం, ఫ్రీమాంట్:

నీలిగోరింట గారూ, మీ మాట చదివాక నిన్న రాత్రి ఆ పాట మళ్ళీ పెట్టాను. ఒక్కటి మాత్రం చెప్పాలి. నన్ను భయపెట్టేది ఆఖరి తుపాకీ కాదు. అంతకుముందు కారులో వాళ్ళిద్దరూ చనువుగా మాట్లాడుకుంటూ పోవడం. ఆడవాళ్ళతో ఎలా ఉండాలో, మగతనం అంటే ఏమిటో ఆ పిల్లవాడు నేర్చుకున్నది తన తల్లిని చంపినవాడి దగ్గరే. పగ తీర్చుకునేలోగా వాడి నడక, వాడి మాట తనలోకి వచ్చేశాయి. మా ఆటో స్టాండులో అలా పెరిగిన కుర్రవాళ్ళు నాకు తెలుసు, కొట్టే తండ్రిని అసహ్యించుకుంటూనే ఆయనలాగే చెయ్యెత్తేవాళ్ళు. అందుకే ఆ కథ నాకు నిజమనిపించింది.

అయినా మీరన్నదానికి నా దగ్గర జవాబు లేదు. తల్లి గొంతు మనకు వినబడేది కొడుకు నోటి ద్వారానే. ఇన్నేళ్ళుగా వింటూ ఆ లోటు నేను గమనించలేదు, మీరు చెప్పాకే తెలిసింది.

గుమ్మెట మోత గారూ, మీ జవాబు మిత్రుడికి యథాతథంగా పంపాను. “వంతల సంగతి బాగుంది” అని మాత్రం రాశాడు, ఓడిపోయానని అనలేదు.

పాత రికార్డుల సంచి:

మాటల గురించి అందరూ రాశారు, నేను చెవుల గురించి రాస్తాను. దయచేసి దీన్ని ఫోను స్పీకరులో వినవద్దు. ఈ ఆల్బమ్ ప్రాణం అడుగున ఉన్న బేస్‌లో ఉంది. ఫోనులో సగం పాట మాయమవుతుంది, అప్పుడే ‘కోపం లేదు’ అనిపిస్తుంది. ‘బ్రీతింగ్ ఆపరేటస్’ చీకట్లో వినండి. బీమా లేని మనిషి ఆసుపత్రి మంచం మీద, ఊపిరి యంత్రం తీయనివ్వవద్దని బతిమాలే పాట అది.

దొరికితే 2002లో మళ్ళీ వేసిన ప్రతి కొనండి, ప్రత్యక్ష ప్రదర్శనల డిస్కు ఒకటి అదనంగా ఉంటుంది. పామ్ 2017 డిసెంబరులో కన్నుమూసింది. ఇలాంటి చర్చల్లో ఆమె పేరు ఎవరో ఒకరు తలవకుండా ఉండరు, గుమ్మెట మోత గారికి ధన్యవాదాలు.

కృష్ణాతీరం, ఫ్రీమాంట్:

‘పార్టీ మ్యూజిక్’ మొదలుపెట్టాను, ఈ రోజు 880 రోడ్డు మీద రాకపోకల్లో రెండుసార్లు. కూతురి పాటను తెనాలిలో ఉన్న చెల్లికి పంపాను. తనకు ఏడేళ్ళ పాప ఉంది. “ఇంగ్లీషు నాకు అందదు, ఒక్కో మాటకు అర్థం రాసి పంపు అన్నయ్యా” అంది. సగం రాశాను. మిగతా సగం ఆదివారం కూర్చుని రాయాలి.