కారును ‘తోలడం’, ‘నడపడం’: డాక్యుమెంటరీ వ్యాఖ్యానంలో ఏది నప్పుతుంది?

ప్రశ్న: మోటారు వాహనాల చరిత్ర మీద ఒక టీవీ డాక్యుమెంటరీ సిరీస్‌కి తెలుగు వ్యాఖ్యానం రాస్తున్నాను. తొలి భాగాల్లో ‘హార్స్‌లెస్ క్యారేజ్’ అనే మాట పదేపదే వస్తోంది. ‘అశ్వరహిత శకటం’ అనాలా, ‘గుర్రం లేని బండి’ అనాలా? డ్రైవ్ చేయడానికి ‘నడిపాడు’ చాలా, ‘తోలాడు’ అంటే మోటుగా ఉంటుందా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: గుర్రం లేని బండి అనే రాయండి. శకటం అనగానే ఇప్పుడు ఊరేగింపు కోసం అలంకరించిన వాహనం కళ్లముందుకొస్తుంది. బండికి ఆ ఇబ్బంది లేదు. ఎద్దుబండి, రైలుబండి, మోటారుబండి... లాగేది మారినా పేరు నిలిచింది. యూరప్ జనం కూడా తొలి కార్లకు మాటల్ని గుర్రబ్బండి నుంచే తెచ్చుకున్నారు. గుర్రపు డెక్కలు చిమ్మే బురద మీద పడకుండా బండి ముందు బిగించిన పలకే డ్యాష్‌బోర్డ్. ఇప్పుడు రెండు తలుపుల కారుకు వాడే ‘కూపే’ అసలు ఒక రకం గుర్రబ్బండి. హార్స్‌పవర్ సంగతి సరేసరి, ఆవిరియంత్రం బలాన్ని గుర్రాలతో పోల్చి చెప్పడానికి జేమ్స్ వాట్ వాడిన కొలత. నేటి లెక్కలో సుమారు 746 వాట్లు. 1886లో కార్ల్ బెంజ్ పేటెంట్ తీసుకున్న మూడు చక్రాల బండికి ఒక గుర్రం బలం కూడా లేదు, ముప్పాతికే! ఈ సంగతి వ్యాఖ్యానంలో తప్పక రావాలి.

ఇక తోలడం. అదిలించి ముందుకు పంపడం దాని అర్థం. పశువుల్ని తోలుతాం, ఈగల్ని తోలుతాం, బండి తోలుతాం. ఇంగ్లిష్ ‘డ్రైవ్’ కూడా మందను తోలే మాటే. మనం గంభీరంగా వాడే ‘చోదకుడు’లోనూ ఉన్నది అదే, ప్రేరేపించేవాడని. మరి చోదకుడు మోటు కానప్పుడు తోలేవాడు ఎందుకు మోటవుతాడు? లారీలు, ట్రాక్టర్లు తోలేవాళ్ల నోట ఈ మాట ఇవాళ్టికీ బతికే ఉంది. నేనైతే బెంజ్ కాలపు ఘట్టాల్లో తోలడం వాడి, 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ దగ్గర్నుంచి నడపడానికి మారతాను. కారు గుర్రబ్బండి పోలికల్ని వదిలించుకుంటున్న సంగతి శ్రోతకు చెవిలోనే తెలుస్తుంది.

ఇంకో సభ్యురాలు: తోలడం నాకూ సమ్మతమే. క్రియల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. 1888 ఆగస్టులో కార్ల్ బెంజ్ భార్య బెర్తా ఇద్దరు కొడుకులతో, జర్మనీలోని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు, వంద కిలోమీటర్ల పైచిలుకు వెళ్లిన ఘట్టం మీ సిరీస్‌లో ఉండే ఉంటుంది. అక్కడ ‘స్టీరింగ్ చక్రం తిప్పుతూ’ అని రాయకండి. ఆ బండికి స్టీరింగ్ చక్రం లేదు, నిలువు కడ్డీ మీద ఒక పిడి ఉండేది. ‘తాళం తిప్పి స్టార్ట్ చేసింది’ కూడా కుదరదు, వెనకున్న ఫ్లైవీల్‌ను, అంటే ఇంజన్‌కు బిగించిన పెద్ద బరువైన చక్రాన్ని, చేత్తో తిప్పాలి. ‘బంకులో పెట్రోలు కొట్టించింది’ అసలే వద్దు. వీస్‌లోక్ ఊళ్లో మందుల దుకాణంలో లిగ్రోయిన్ అనే ద్రావకం కొని పోయించింది. ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి బాగుచేసింది. ఇంత చేసిన మనిషిని ‘భర్తకు సాయపడిన ఇల్లాలు’ అని ఒక్క ముక్కలో తేల్చేయకండి, దయచేసి. తొలి దూరప్రయాణం చేసిన చోదకురాలు ఆవిడ.

ప్రశ్న అడిగినవారు: చాలా సంతోషం అండీ. బెర్తా ఘట్టానికి ‘పిడి పట్టి బండి తోలింది’ అని రాస్తాను. మరి జీతానికి కారు నడిపేవాణ్ని అనే ‘షోఫర్’ మాటను ఏం చేద్దాం? డ్రైవర్ అంటే చాలదా?

జవాబు: చాలదు. ఫ్రెంచిలో అది కొలిమికి మంట వేసేవాడి పేరు, ఆవిరి బండ్ల కాలం నాటిది. షోఫర్ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ‘మంట వేసేవాడు’ అని ఒక్క మాట కలపండి.