పై ఫ్లాట్‌లో ఫ్లష్ చేస్తే మా బాత్రూంలో గుడగుడ: లోపం ట్యాంకుదా, గాలి గొట్టానిదా?

పటమట వాసి: మాది నాలుగంతస్తుల అపార్టుమెంటు, మేం మూడో అంతస్తు. పైవాళ్లు ఫ్లష్ చేయగానే మా నహానీ ట్రాప్ (బాత్రూం నేలలో జాలీ కింద నీళ్లు నిలిచే గిన్నె) గుడగుడమంటుంది, కాసేపటికి ఒకటే కంపు. ప్లంబర్ సెప్టిక్ ట్యాంకు నిండిందన్నాడు. లారీ పిలిపించి లాగించాం. వారం తిరక్కముందే మళ్లీ మొదలైంది.

సింగ్‌నగర్ రాజు: ట్యాంకే. అనుమానం వద్దు.

బ్రాడీపేట ఇంజనీరు: ట్యాంకు నిండితే ముందు కింది అంతస్తులో కమోడ్ నెమ్మదిస్తుంది. అక్కడ బాగుంటే పైన చూడాలి. ఫ్లష్ నీళ్లు నాలుగంగుళాల గొట్టంలో దిగుతూ వెనకాల గాలిని లాగుతాయి. ఆ గాలి డాబా మీది వెంట్, అంటే గాలి గొట్టం నుంచి రావాలి. అది మూసుకుపోతే మీ ట్రాప్‌లోంచి పీల్చుకుంటుంది. అందులో నిలిచే నీరు రెండంగుళాలే, అది పోతే గొట్టంలోని వాసనంతా ఇంట్లోకే. ట్రాప్ నిండా నీళ్లు పోసి, పైన ఫ్లష్ చేయించి మట్టం చూడండి.

సింగ్‌నగర్ రాజు: పుస్తకాల మాటలు. మాకూ ఒకాయన వెంట్ అని చెప్పి గొట్టమంతా మార్పించాడు. డబ్బు పోయింది, చివరికి ట్యాంకే. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లొచ్చినప్పుడు మా కమోడ్‌లోంచి మురుగు పైకి తన్నింది. అప్పుడు వెంట్ ఏం చేసింది?

బ్రాడీపేట ఇంజనీరు: వరదలో ట్యాంకే మునిగింది, నీళ్లు వెనక్కి తన్నాయి. అది వేరు, ఇది వేరు.

సింగ్‌నగర్ రాజు: మాకు జరిగింది మీకు తెలుసా?

గుణదల: వాడని బాత్రూమైతే మే నెల ఎండకు ట్రాప్ ఎండిపోయినా వాసనొస్తుంది. మగ్గు నీళ్లు పోస్తే చాలు.

పటమట వాసి: మాది రోజూ వాడేదేనండి. ఇంజనీరు గారు చెప్పినట్టే చూశాను. కింది ఫ్లాట్‌లో నీళ్లు చక్కగా పోతున్నాయి. మా ట్రాప్‌లో సగానికి దిగాయి. డాబా ఎక్కితే వెంట్‌కి ఎండ్‌క్యాప్ బిగించి ఉంది! ఎవరు చేశారిది?

పై అంతస్తు: మన ఫ్లాట్ల గ్రూపులో ఈ లింకు చూసి వచ్చాను. మేమే బిగించాం. ఆ గొట్టం డాబా మీద మా గది కిటికీ పక్కనే ఉంది. అమ్మకి ఆస్తమా, రాత్రంతా ఆ కంపు పీల్చాలా? గొట్టం ఎత్తు పెంచమని అసోసియేషన్‌కి లెటర్ ఇస్తే మీటింగులో మీ ఖర్చు మీరే పెట్టుకోమన్నారు.

పటమట వాసి: ఆ మీటింగులో నేనూ ఉన్నాను. గొట్టం ముందు నుంచీ ఉంది, దాని పక్కన గది కట్టింది మీరు. అందరి డాబా మీద కట్టుకుని మా పిల్లలకి కంపు పంచుతారా?

పై అంతస్తు: పిల్లల పేరెత్తకండి. గది సంగతి మీటింగులో ఎవరూ అడగలేదే?

సింగ్‌నగర్ రాజు: ట్యాంకు మూత కూడా తీసి చూడండి.

బ్రాడీపేట ఇంజనీరు: గొడవ తర్వాత. క్యాప్ ఈ రోజే తీయండి. గొట్టాన్ని కిటికీ పైభాగం దాటేంత ఎత్తుకు పెంచి, జాలీ కౌల్ (గాలి ఆడే మూత) పెట్టండి. ఒక పూట పని. అది ఉమ్మడి గొట్టం, ఖర్చూ ఉమ్మడే.

పటమట వాసి: ఉమ్మడి ఎందుకండి? గది కట్టినవాళ్లే పెట్టుకోవాలి.

పై అంతస్తు: అయితే మీటింగులో రాసివ్వండి, ఎవరిస్తారో. అప్పటిదాకా క్యాప్ తీయం.