సాల్జ్‌బర్గ్‌కి ఒక్క పగలు చాలా, రాత్రి ఉండాలా?

ఇసార్ ఒడ్డు:
మేం మ్యూనిక్‌లో ఉంటాం. జూన్‌లో అమ్మానాన్నలు గుంటూరు నుంచి వస్తున్నారు. నాన్నగారికి కర్ణాటక సంగీతమంటే ప్రాణం, మోకాళ్ల నొప్పులున్నాయి. సరిహద్దు దాటగానే ఆస్ట్రియాలో ఉండే సాల్జ్‌బర్గ్‌లో, సంగీతకారుడు మోజార్ట్ పుట్టిన ఊళ్లో, ఒక రాత్రి ఉందామని నేను, పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేద్దామని మా ఆవిడ. ఉంటే రెండు గదులు తీసుకోవాలి. ఏమంటారు?

రైలుబండి:
ఒక్క రోజు చాలండీ. నేను మూడుసార్లు వెళ్లొచ్చాను. బయర్న్ టికెట్ (మన బవేరియా రాష్ట్రపు రోజు రైలు టికెట్) సాల్జ్‌బర్గ్ స్టేషన్ వరకూ చెల్లుతుంది, నలుగురికీ కలిపి ఒకటే టికెట్. పాత ఊరు చిన్నది. మిరాబెల్ తోట చూసుకుని నది దాటితే గెట్రైడెగాసే వీధిలో మోజార్ట్ పుట్టిన 9వ నంబరు ఇల్లు, కాస్త ముందుకెళ్తే కెథడ్రల్ (పెద్ద చర్చి), దాని వెనక కొండ మీద కోట. కోటకి 1892 నుంచి తాడు రైలు ఉంది, మోకాళ్ల గురించి టెన్షన్ వద్దు. ఆ గదుల డబ్బుతో ఇంకో రోజు కోనిగ్‌జే సరస్సు చూపించండి.

వీణక్క:
నేను ఒప్పుకోను. మూడేళ్లు ఆ ఊళ్లో ఉన్నాను. రైలుబండిగారు చెప్పినవన్నీ చూడాల్సినవే. కానీ సంగీతమంటే ప్రాణమున్న మనిషిని ఆ ఊరికి తీసుకెళ్లి, వినిపించకుండా తీసుకొచ్చేస్తారా? మామూలు రోజుల్లో బయర్న్ టికెట్ తొమ్మిదింటికి గానీ మొదలవదు. దిగేసరికి పదకొండు. ఐదింటికల్లా మళ్లీ స్టేషన్. మధ్యలో మిగిలేది గెట్రైడెగాసేలో తోపులాట.

రెసిడెన్స్‌ప్లాట్స్ అనే చౌకు దగ్గర గోపురంలో 35 గంటలున్నాయి. పొద్దున ఏడింటికి, పదకొండింటికి, సాయంత్రం ఆరింటికి పాట వాయిస్తాయి. అది ఆగాక కోట మీంచి ‘సాల్జ్‌బర్గ్ ఎద్దు’ రంకె వేస్తుంది. ఎద్దంటే 1502 నాటి యంత్రపు ఆర్గన్. గొట్టాలు ఒక్కపెట్టున మోగితే చౌకులో మాటలు ఆగిపోతాయి. ఆ సాయంత్రం వేళకి టూర్ బస్సుల జనం పలచబడతారు, నాన్నగారు బెంచీ మీద కూర్చుని వినొచ్చు.

ఇక ఆదివారం పొద్దున పదింటికి కెథడ్రల్‌లో ప్రార్థన. చాలా ఆదివారాలు గాయకబృందం, ఆర్కెస్ట్రాతో జరుగుతుంది. దానికి టికెట్ ఉండదు. లోపలికి అడుగుపెట్టగానే ఎడమవైపు నాలుగు సింహాల మీద నిలబెట్టిన కంచు తొట్టి కనిపిస్తుంది. 1756 జనవరి 28న, పుట్టిన మర్నాడే, మోజార్ట్‌కి జ్ఞానస్నానం చేయించింది అందులోనే. తర్వాత ఆయన ఇక్కడే కొలువులో ఆర్గన్ వాయించాడు. అది కచేరీ కాదు, చప్పట్లు కొట్టకూడదు, మధ్యలో లేచి రాకూడదు. మీ నాన్నగారికి ఆ సంగతి వేరే చెప్పక్కర్లేదేమో, గుళ్లో కీర్తన విన్నట్టే వింటారు.

రైలుబండి:
అక్కా, ఆ ఊరంటే మోజార్ట్‌కే పడలేదు కదా? 1781లో, అప్పట్లో ఆ ఊరిని ఏలే ఆర్చ్‌బిషప్ కొలువు వదిలేస్తానంటే, ఆ కొలువులోని అధికారి కౌంట్ ఆర్కో తన్ని పంపాడు. తర్వాత పదేళ్లూ వియన్నాలోనే రాశాడు. సంగీతం కోసమే అయితే రాత్రి ఉండాల్సింది వియన్నాలో.

వీణక్క:
నిజమే తమ్ముడూ. అలా పంపేసిన ఊరు ఇప్పుడు ఆయన బొమ్మతో చాక్లెట్లు అమ్ముతుంటే నాకూ బాధే. అందుకే కొట్లు చూసి వచ్చేయొద్దంటున్నాను. కానీ ఆ చేతులు తయారైంది ఇక్కడే. గెట్రైడెగాసే ఇంట్లో ఆయన చిన్నప్పటి వయొలిన్ ఉంది, చూస్తే పిల్లలాడుకునే బొమ్మంత. దాని ముందు నేను చాలాసేపు కదల్లేకపోయాను. వయొలిన్ కచేరీలు వింటూ పెరిగిన మనిషికి అది చూపించండి.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. జూలై చివర్నుంచి ఆగస్టు ఆఖరు దాకా, 1920లో మొదలైన సంగీతోత్సవం రోజుల్లో, గదుల ధరలు మండిపోతాయి. అప్పుడైతే నీ మాటే వినమంటాను. వీళ్లది జూన్.

ఇసార్ ఒడ్డు:
మా ఆవిడ కూడా చదివింది. శనివారం వెళ్లి ఆదివారం మధ్యాహ్నం తిరిగొద్దామంది. అమ్మ మాంసం ముట్టదు, పులిహోర కట్టుకెళ్తున్నాం.

రైలుబండి:
సరే, అలాగే వెళ్లిరండి. పాస్‌పోర్టులు దగ్గర పెట్టుకోండి, తిరిగొచ్చేటప్పుడు సరిహద్దు స్టేషన్ ఫ్రైలాసింగ్‌లో పోలీసులు రైలెక్కి అడుగుతుంటారు.

వీణక్క:
గొడుగులు కూడా. దారాలు వేలాడినట్టు ఎడతెగకుండా పడే వానకి అక్కడ ‘ష్నూర్ల్‌రేగెన్’ అని పేరే ఉంది. వానైనా ఆరింటికి గంటలు మోగుతాయి, నాన్నగారిని గదిలో కూర్చోబెట్టేయకండి.